ఐరోపా రాజకుటుంబాల సంతకం ఫొటోలు: కొనేముందు ఎలా పరీక్షించాలి, కొన్నాక ఎలా దాచాలి

తరచూ వచ్చే ప్రశ్న ఒకటే. వేలంలో రష్యా చక్రవర్తి (జార్) నికొలస్ సంతకంతో ఫొటో కనిపించింది, అసలుదేనా అని అడుగుతారు. పక్కనే సంతకం వరకూ కత్తిరించిన బొమ్మ ఒకటి పంపిస్తారు. ఆ ముక్క చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. చెప్పేవాళ్ళుంటే వాళ్ళ దగ్గర కొనకండి.

సంతకాన్ని చివర చూడాలి. ముందు ఫొటో ఏ కాలందో చూడాలి. ఆ తర్వాత ఫొటో అంటించిన అట్ట, పేరు చివర హోదా తెలిపే అక్షరాలు, పెన్ను, చేతులు మారిన చరిత్ర. ఇవన్నీ ఒకే కాలానికి చెందాలి. సంతకం వంపు సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. మిగతా ఐదింటినీ ఒకే సంవత్సరానికి కుదర్చడం కష్టం, నకిలీలు ఎక్కువగా దొరికిపోయేది అక్కడే. కింది మెట్లు దాదాపు అదే వరుసలో ఉన్నాయి, చరిత్ర ఒక్కటే చేతిరాత తర్వాత వస్తుంది. వరుస మార్చకండి.

కావలసినవి

- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. నగల పనివాళ్ళు వాడే లూప్ చాలు.
- 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చి. 395 నానోమీటర్లది చవగ్గా దొరుకుతుంది కానీ దాని ఊదా వెలుగే కళ్ళను మోసం చేస్తుంది.
- మామూలు చిన్న ఎల్ఈడీ టార్చి, మిల్లీమీటర్ల స్కేలు.
- నైట్రైల్ చేతి తొడుగులు. నూలువి జారతాయి, వాటి పోగులు ఫొటో అంచులకు పట్టుకుంటాయి.
- పాలిస్టర్ కవర్లు, ఆమ్లం లేని అట్టపెట్టె.
- మీరు ఎంచుకున్న వ్యక్తివి కనీసం పది నికార్సయిన సంతకాల నమూనాలు. మ్యూజియంలు, ప్రభుత్వ పత్రాగారాలు పెట్టిన బొమ్మల నుంచే తీసుకోండి. అమ్మకపు సైట్ల నుంచి పోగుచేస్తే, ఒక నకిలీని పక్కన పెట్టుకుని ఇంకో నకిలీని అసలుదని తేల్చుకుంటారు.

మెట్టు 1: ఎవరితో మొదలుపెట్టాలి

కొత్తవాళ్ళు నికొలస్ II, డయానా జోలికి వెళ్ళకండి. గిరాకీ ఎంతో నకిలీలూ అంతే. ఎక్కువ సంతకాలు చేసి పంచినవాళ్ళతో మొదలుపెడితే ధర తక్కువ, పోల్చుకోవడానికి నమూనాలు ఎక్కువ. రొమేనియా రాణి మేరీ (1875–1938) వాలుగా, పెద్ద అక్షరాలతో సంతకం చేసిన ఫొటోలు చాలానే తిరుగుతున్నాయి. జర్మన్ చక్రవర్తి విల్‌హెల్మ్ II 1918 నవంబరు 9న గద్దె దిగి నెదర్లాండ్స్ వెళ్ళారు. 1920 నుంచి 1941 జూన్ 4న చనిపోయేదాకా డోర్న్‌లో ఉంటూ అభిమానులకూ పాత సైనికులకూ సంతకం ఫొటోలు ఇస్తూనే ఉన్నారు. వాటిలో చాలావాటి మీద ఊరు, తేదీ కూడా ఉంటాయి. నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి పలక దొరకదు.

అరుదైనవాటి విషయంలో అవి ఎందుకు అరుదో తెలిసి ఉండాలి. ఎనిమిదో ఎడ్వర్డ్ బ్రిటన్ రాజుగా ఉన్నది 1936 జనవరి 20 నుంచి డిసెంబరు 11 దాకా. ఆ 326 రోజుల్లో రాజుగా సంతకం చేసినవి కొద్ది. అదే మనిషి గద్దె వదిలాక విండ్సర్ డ్యూక్ అనే బిరుదుతో చేసినవి కావలసినన్ని. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్, అందరూ సిసీ అనే ఆవిడ, ముప్ఫై దాటాక దాదాపుగా కెమెరా ముందుకు రాలేదు. 1890ల నాటి వయసు మళ్ళిన ముఖంతో సిసీ సంతకం ఫొటో అని ఎవరైనా చూపిస్తే మిగతా మెట్లు అక్కర్లేదు.

మెట్టు 2: ఫొటోనూ అట్టనూ కొలవండి

కార్ట్ ద విజిట్ అనే చిన్న ఫొటోకు పారిస్‌లో డిస్దెరి అనే ఫొటోగ్రాఫర్ 1854లో పేటెంటు తీసుకున్నాడు. అట్ట సుమారు 64 × 100 మిల్లీమీటర్లు. 1866 నుంచి వచ్చిన కేబినెట్ కార్డు అట్ట సుమారు 108 × 165. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకు కంగారు పడొద్దు. ఐదారు మిల్లీమీటర్లు తక్కువుంటే అంచు కోసి ఉండవచ్చు. ఎందుకు కోశారని అడగండి.

భూతద్దం కింద పెడితే 19వ శతాబ్దపు ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూత) ఫొటోలో కాగితం పీచు కనిపిస్తుంది, తెల్లని చోట్లు పసుపెక్కి ఉంటాయి. తర్వాత వచ్చిన జెలటిన్ ఫొటోలో పీచు కనిపించదు. ముదురు అంచుల్లో వెండి తేలినట్టు మెరుపు ఉంటుంది. సన్నని రంగు చుక్కలు కనిపిస్తే అది ఇంక్‌జెట్ కాపీ, పక్కన పెట్టేయండి.

వెనక వైపు తప్పకుండా చదవండి. లండన్‌లో డబ్ల్యూ అండ్ డి డౌనీ, బెర్లిన్‌లో రైఖార్డ్ అండ్ లిండ్నర్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బోయ్‌సొనా అండ్ ఎగ్లర్ లాంటి స్టూడియోలు అట్ట మీద చిరునామాలు, బిరుదులు అచ్చు వేసుకునేవి. లండన్ స్టూడియో అట్ట మీద ‘రాజుగారి ఫొటోగ్రాఫర్లు’ అన్న అర్థంలో ఉండి, సంతకం కింద 1895 అని రాసి ఉందనుకోండి. 1837 నుంచి 1901 దాకా బ్రిటన్‌లో రాజు లేడు, విక్టోరియా రాణి ఉంది. కథ అక్కడితో సరి.

జాగ్రత్త: పాత కార్ట్ ద విజిట్‌లు, సంతకం లేనివి, ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. నకిలీ చేసేవాడు కొనేది అవే. కాబట్టి ఫొటో పాతదని తేలితే సంతకం పాతదని తేలినట్టు కాదు.

మెట్టు 3: పేరు చివరి అక్షరాలు చదవండి

ఖర్చులేని పరీక్ష ఇది. అయినా ఎక్కువమంది చేయరు. రాజులు పేరు తర్వాత ఒకటి రెండు అక్షరాలు చేరుస్తారు. ఆర్ అంటే లాటిన్‌లో రాజు లేదా రాణి, ఐ అంటే చక్రవర్తి లేదా చక్రవర్తిని, పి అంటే ప్రిన్స్. ఈ అక్షరాలు మారిన తేదీలు చరిత్రలో స్థిరంగా ఉన్నాయి.

విక్టోరియా: మొదట ‘విక్టోరియా ఆర్’. భారత చక్రవర్తిని బిరుదు చట్టం 1876లో వచ్చింది, 1877 జనవరి 1న ఢిల్లీలో ప్రకటించారు. 1870 నాటి ఫొటో మీద అప్పటి తేదీతోనే ‘ఆర్.ఐ.’ ఉంటే నకిలీ. పాత ఫొటో మీద తర్వాతెప్పుడో సంతకం చేసి ఇవ్వడం జరిగేదే కాబట్టి తేదీ లేకపోతే తొందరపడి కొట్టిపారేయకండి.

ఏడో ఎడ్వర్డ్: 1901 జనవరి 22కి ముందు ‘ఆల్బర్ట్ ఎడ్వర్డ్’. రాజయ్యాకే ‘ఎడ్వర్డ్’.

ఐదో జార్జ్: 1910 మే 6 నుంచి ‘జార్జ్ ఆర్.ఐ.’. ఆయన భార్య అప్పటిదాకా ‘విక్టోరియా మేరీ’, ఆ తర్వాత ‘మేరీ ఆర్’. 1905 తేదీతో ‘మేరీ ఆర్’ ఉండదు.

ఎనిమిదో ఎడ్వర్డ్: యువరాజుగా ‘ఎడ్వర్డ్ పి’, ఆ 326 రోజులు ‘ఎడ్వర్డ్ ఆర్.ఐ.’, తర్వాత ఉత్త ‘ఎడ్వర్డ్’ లేదా డ్యూక్ హోదాతో. ‘పి’ని కాస్త గీకి ‘ఆర్’గా మార్చి, పక్కన ‘ఐ’ చేర్చడం ఎంత సులువో, ధర ఎంత పెరుగుతుందో ఊహించండి. ఆ అక్షరం దగ్గర భూతద్దం ఎక్కువసేపు ఉంచండి.

ఆరో జార్జ్: రాజు కాకముందు ‘ఆల్బర్ట్’. 1936 డిసెంబరు 11 నుంచి ‘జార్జ్ ఆర్.ఐ.’. మన స్వాతంత్ర్యంతో ‘ఐ’ పోయింది. 1947 ఆగస్టులో కొడుకు రాసిన ఉత్తరంలో మొదటిసారి ఆ అక్షరం లేకపోవడం బాధగా ఉందని తల్లి మేరీ కవరు మీదే రాసి పెట్టుకుంది. లాంఛనంగా బిరుదు వదిలింది 1948 జూన్ 22న. 1950 నాటి ‘జార్జ్ ఆర్.ఐ.’ చూపిస్తే నవ్వి వదిలేయండి.

ఎలిజబెత్: ఇక్కడ తెలిసినవాళ్ళే తప్పు చేస్తారు. ‘ఎలిజబెత్ ఆర్’ అని తల్లీ రాసింది, కూతురూ రాసింది. తల్లి, అంటే ఆరో జార్జ్ భార్య, 1936 డిసెంబరు నుంచి, కూతురు రెండో ఎలిజబెత్ 1952 ఫిబ్రవరి 6 నుంచి. 1947 తేదీతో ‘ఎలిజబెత్ ఆర్’ ఉంటే అది తల్లిది, కూతురు అప్పటికి ఉత్త ‘ఎలిజబెత్’. తల్లి 2002 దాకా బతికింది కాబట్టి యాభై ఏళ్ళపాటు ఒకే అక్షరాలతో రెండు చేతులు నడిచాయి. ఫొటోలో ఉన్నది ఎవరో చూసుకుని, ఆ మనిషి నమూనాలతోనే పోల్చండి.

విల్‌హెల్మ్ II: ‘విల్‌హెల్మ్ ఐ.ఆర్.’. బ్రిటిష్ వరుసకు ఇది తిరగబడి ఉంటుంది, ముందు చక్రవర్తి, తర్వాత రాజు. గద్దె దిగాక కూడా ఆయన ఇలాగే రాశారు. 1930 తేదీతో ‘ఐ.ఆర్.’ ఉండటం తప్పు కాదు.

నికొలస్ II: రష్యన్ లిపిలోనూ, విదేశీయులకిచ్చినవాటిలో ఫ్రెంచి పద్ధతిలో ‘నికొలా’ అనీ. రష్యా పాత పంచాంగం 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు వెనక. తేదీ కుదరలేదనుకునే ముందు ఆ లెక్క కట్టండి.

మెట్టు 4: పెన్ను ఏ కాలానిది

బాల్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబరులో. ఇప్పటి రకం స్కెచ్ పెన్ను 1960లలో. అంటే ఐదో జార్జ్ (మరణం 1936) బాల్ పెన్నుతోనూ, క్వీన్ మేరీ (మరణం 1953) స్కెచ్ పెన్నుతోనూ సంతకం చేసే వీలే లేదు.

పాత ఇనుప సిరా (ఇనుప లవణంతో చేసేది) కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. పాళీ రెండు కొనలూ ఒత్తిడికి విడిపోయి కిందికి లాగిన గీతలో రెండు ముదురు అంచులు మిగులుతాయి. గోధుమరంగు సిరా ఇప్పుడు సీసాల్లో అమ్ముతున్నారు కాబట్టి రంగు ఒక్కటే సాక్ష్యం కాదు, ఆ రెండు అంచుల్ని వెతకండి. నిగనిగలాడే ఫొటో మీద సిరా నిలవక ముత్యాల్లా విడిపోతుంది. అందుకే పాతవాటిలో సంతకం ఎక్కువగా కింది అట్ట మీదో, ఫొటోలో లేత చోటో ఉంటుంది.

హెచ్చరిక: తడి వేలితోనో దూదితోనో సిరా రుద్ది చూడకండి. అసలు సంతకం కూడా కరిగిపోతుంది. వేలం హాల్లో అలా చేస్తే ఆ వస్తువు మీదే అవుతుంది.

మెట్టు 5: చేత్తో చేసిందా, అచ్చు వేసిందా

భూతద్దం కింద సంతకంలో ఒక గీత మరో గీతను దాటే చోటు చూడండి. చేత్తో రాస్తే అక్కడ సిరా ముదురుగా పేరుకుంటుంది. అచ్చులో ఆ తేడా ఉండదు. మిగతా రకాలు ఇలా దొరుకుతాయి:

- సంతకం ఫొటోలోనే కలిసిపోయి, వంచి చూస్తే రెంటిదీ ఒకే మెరుపయితే నెగెటివ్ మీది సంతకం. అమ్మకానికి వేసిన పోస్టుకార్డుల్లో ఇది మామూలు. నల్లని నేపథ్యం మీద తెల్లని సంతకం ఉంటే మరీ అనుమానించాలి.
- వరుసగా చుక్కలుంటే ప్రెస్సులో అచ్చు వేసింది.
- గీత అంచుల్లో సిరా ఎక్కువై మధ్యలో పలచబడితే రబ్బరు స్టాంపు.
- మొదటి నుంచి చివరిదాకా గీత మందం మారకుండా, మొదట్లో చివర్లో చుక్కలా ఆగితే సంతకాల యంత్రం. ఇలాంటివి రెండు దొరికితే ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగులో చూడండి. ఏ మనిషీ రెండుసార్లు అచ్చు గుద్దినట్టు సంతకం చేయడు.

మోసం లేకుండానే పొరపాటు పడే వస్తువులూ ఉన్నాయి. 1914 క్రిస్మస్‌కు సైనికులకు పంపిన బ్రిటిష్ రాజదంపతుల కార్డు, 1918లో విడుదలైన యుద్ధఖైదీలకు పంపిన రాజుగారి ‘చేతిరాత’ ఉత్తరం, 1946 జూన్ 8 తేదీతో బడిపిల్లలకిచ్చిన పత్రం. మూడింటిలోనూ సంతకం అచ్చే. తాతగారి పెట్టెలో దొరికిందని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పకపోవచ్చు, పెట్టెలోకి వచ్చిందే అచ్చు కాపీ.

ఇంకొకటి: అట్ట కింద పెన్సిల్‌తో ఉన్నది ఫొటోగ్రాఫర్ పేరు కావచ్చు. డొరొతీ వైల్డింగ్ లాంటివాళ్ళు తమ పేరు అట్ట మీద రాసేవారు. దాన్ని ‘సంతకం ఉన్న రాజఫొటో’ అని అమ్మడం అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

మెట్టు 6: యూవీ వెలుగు, పక్క వెలుగు

గది చీకటి చేసి యూవీ టార్చి వేయండి. కాగితానికి తెల్లదనమిచ్చే మెరుపు రసాయనాలు ఫొటో కాగితాల్లోకి 1950ల నుంచే వచ్చాయి. 1918కి ముందుదని చెప్పే ఫొటో నీలి తెలుపులో వెలిగితే అది తర్వాత తీసిన ప్రింటు. వెలగకపోతే మాత్రం అసలుదని తేలలేదు, పాత కాగితమని మాత్రమే తేలింది. సబ్బుతో ఉతికిన గుడ్డ తగిలిన చోట మచ్చలుగా వెలగవచ్చు. మొత్తం ఒకేలా వెలుగుతోందా లేదా అన్నదే లెక్క.

తర్వాత ఎల్ఈడీ టార్చిని పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి వేయండి. పాత ఫొటో మీద కొత్త సంతకాన్ని పట్టించేది ఈ వెలుగే. పగుళ్ళు వెతకండి. సంతకం అసలుదైతే పగులు గీతను తెంచుకుంటూ పోతుంది. పగిలిన తర్వాత రాస్తే సిరా ఆ పగుల్లోకి పాకి పక్కలకు ఈకల్లా విచ్చుకుంటుంది. మాసిన మరకల మీద, అంచుల వెండి మెరుపు మీద సిరా పైపైన కూర్చుని ఉన్నా అదే అర్థం.

ఫ్రేములో ఉంటే విప్పించి చూడాల్సిందే. కిరీటం గుర్తున్న తోలు ఫ్రేము విడిగా కొనదగ్గ వస్తువు, లోపలి ఫొటోకు అది సాక్ష్యం కాదు. దూరం నుంచి కొనేటట్లయితే ముందు వైపు, వెనక వైపు 600 డీపీఐ స్కాన్లు, సంతకం మీద పక్క వెలుగుతో ఒక ఫొటో అడగండి. ఇవ్వనంటే మీ జవాబు మీకొచ్చినట్టే.

మెట్టు 7: ఇప్పుడు చేతిరాత

అక్షరాల ఆకారం కంటే వేగం చూడండి. గీత మొదలూ చివరా సన్నగా గాల్లోకి లేచిపోవాలి. మెల్లగా బొమ్మ గీసినట్టు రాస్తే వణుకు, మధ్యలో పెన్ను ఎత్తి మళ్ళీ పెట్టిన అతుకులు ఉంటాయి. అదే దశాబ్దపు నమూనాలతోనే పోల్చాలి, ఎందుకంటే ఇరవై ఏళ్ళ యువరాజుకీ డెబ్భై ఏళ్ళ రాజుకీ చెయ్యి ఒకటి కాదు. ముసలితనంలో వణుకు సహజమే, కానీ అది గీత పొడవునా ఉంటుంది. నకిలీ వణుకు కష్టమైన మలుపుల దగ్గరే వస్తుంది.

మెట్టు 8: ఎవరికిచ్చారు, ఎలా వచ్చింది

బ్రిటిష్ రాజకుటుంబీకులు దారిలో ఆపినవాళ్ళకు సంతకాలివ్వరు, అది వాళ్ళ ఆనవాయితీ. సంతకం ఫొటోలు వెళ్ళేది రాయబారులకు, సైన్యాధికారులకు, ఇంటి సిబ్బందికి, పర్యటనల్లో ఏర్పాట్లు చూసినవాళ్ళకు. ‘మా నాన్న గుంపులో నిలబడి చేయించుకున్నాడు’ అన్న కథకు విలువ తక్కువ. ‘ఫలానా ఏడాది ఫలానా రాయబార కార్యాలయంలో పనిచేశారు, ఇదిగో నియామక పత్రం, ఇదిగో ఫొటోతో వచ్చిన కవరు’ అన్నదానికి ఎక్కువ.

మన దగ్గర కూడా ఇలాంటివి బయటపడే వీలుంది. 1875–76, 1905–06, 1921–22లో బ్రిటిష్ యువరాజుల పర్యటనలు, 1911 ఢిల్లీ దర్బారు, రెండో ఎలిజబెత్ 1961, 1983, 1997 పర్యటనలు, వీటిలో 1983లో ఆమె హైదరాబాద్ కూడా వచ్చారు. పాత సంస్థానాల, జమీందారీల, అధికారుల ఇళ్ళ ఆల్బములు పాతసామాన్ల దుకాణానికి వస్తే ఫొటోను విడిగా ఊడదీసి కొనకండి. ఆల్బము పేజీ, పక్కన రాసిన మాట, కవరు అన్నీ కలిపి కొనండి. ఊడదీసిన రోజున చరిత్ర సగం పోతుంది.

ధ్రువపత్రం విలువ దాన్ని ఇచ్చినవాడి విలువే. రంగురంగుల సీలు చూడకండి. సంతకం నకిలీదని తేలితే ఎన్నేళ్ళ తర్వాతైనా డబ్బు వెనక్కి ఇస్తానని రాతపూర్వకంగా ఉందో లేదో చూడండి.

మెట్టు 9: డబ్బు, కస్టమ్స్, చట్టం

వేలంలో పలికిన ధర మీరు కట్టే ధర కాదు. 400 పౌండ్లకు పాట మీదైతే, కొనుగోలుదారు కమిషన్ 25 శాతం అనుకుంటే మరో 100. ఆపైన పన్ను, పోస్టు, బీమా, ఇక్కడ కస్టమ్స్. కమిషన్ శాతం ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది, పాడే ముందే నిబంధనల్లో చదివి, వెనక్కి లెక్క కట్టి మీ హద్దు కాగితం మీద రాసుకోండి. కస్టమ్స్ ప్రకటనలో వస్తువు వయసు, అసలు ధర ఉన్నదున్నట్టు రాయమని అమ్మినవారికి చెప్పండి. తక్కువ రాయిస్తే దారిలో పోయినప్పుడు బీమా కూడా అంతే వస్తుంది.

విదేశాలకు అమ్మాలనుకునేవాళ్ళకు: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువును దేశం దాటించి అమ్మడం ప్రైవేటు వ్యక్తులకు కుదరదు. చేతిరాత ప్రతులకూ, చారిత్రక విలువున్న పత్రాలకూ ఆ గడువు 75 ఏళ్ళే. మీ ఫొటో ఈ పరిధిలోకి వస్తుందో లేదో పురావస్తు శాఖ కార్యాలయంలో అడిగి తేల్చుకున్నాకే పార్సిల్ కట్టండి.

మెట్టు 10: దాచడం

లామినేషన్ వద్దు. సెల్లోటేపు, ఫెవికాల్, పీవీసీ ఆల్బము కవర్లు కూడా వద్దు. పాలిస్టర్ కవరులో పెట్టి, ఆమ్లం లేని అట్ట ఆసరాతో పెట్టెలో పడుకోబెట్టండి. అయితే సిరా పెచ్చులూడుతుంటే పాలిస్టర్ వాడకండి, దాని స్థిర విద్యుత్తు పెచ్చుల్ని లాగేస్తుంది. ఆమ్లం లేని కాగితపు మడతలో పెట్టండి.

గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో అది దానంతట అది కుదరదు. పెట్టెలో సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు పెట్టి, వానాకాలంలో నెలకోసారి జెల్‌ను వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వాడండి. బీరువాను బయటి గోడకు ఆనించకండి. గోడకు తగిలించాలనిపిస్తే మంచి స్కాన్ ప్రింటు తీయించి తగిలించండి, సిరా ఎండకు ఒకసారి పాలిపోతే తిరిగి రాదు.

ప్రతి ఫొటోకు ఒక కాగితం రాసిపెట్టండి: కొలతలు, స్టూడియో, పేరు చివరి అక్షరాలు, సిరా రకం, యూవీలో ఏం కనిపించింది, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారు. బిల్లూ, అమ్మినవారి ఈమెయిల్ ప్రింటూ దానికే జతచేయండి. ఫొటో వెనక మాత్రం ఏమీ రాయకండి. తప్పదనుకుంటే అట్ట వెనక అంచున, 2బీ పెన్సిల్‌తో, మీ జాబితా నంబరు ఒక్కటే.